తొర్ర కనిపించినంత మాత్రాన గూడు కాదు: వడ్రంగి పిట్టను గమనించడంలోని చిక్కులు

వడ్రంగి పిట్ట ఉన్నదని తెలుసుకోవడం తేలిక. అది ఏం చేస్తున్నదో తెలుసుకోవడమే కష్టం. మాను మీద టకటక చప్పుడు వినిపిస్తే పురుగుల కోసం పొడుస్తున్నదనీ, గుండ్రటి రంధ్రం కనిపిస్తే అందులో పిల్లలున్నాయనీ అనుకోవడం మనకు అలవాటు. నిజానికి ఆ చప్పుడుకు కనీసం మూడు వేర్వేరు కారణాలుంటాయి. రంధ్రానికి అంతకంటే ఎక్కువే ఉంటాయి. పక్షి పరిశీలకులు తమ జాబితాలను నమోదు చేసే ఈబర్డ్ వేదిక ఈ చిక్కును గుర్తించి, వడ్రంగి పిట్టలకూ రెన్ అనే చిన్న పక్షులకూ కలిపి ఒక ప్రత్యేక సంకేతాన్నే పెట్టింది. ఈ పక్షులు రంధ్రం తొలుస్తూనో గూడు అల్లుతూనో కనిపిస్తే దాన్ని సంతానోత్పత్తికి రుజువుగా తీసుకోరు, సంభావ్యతగా మాత్రమే లెక్కిస్తారు. ఇవి పిల్లల కోసం కాకుండా వేరే అవసరాలకు కూడా గూళ్ళు సిద్ధం చేస్తాయి కాబట్టి ఆ జాగ్రత్త అవసరమైంది.

తెలుగు ప్రాంతాల్లో ఎక్కువమందికి కనిపించేది బంగారువీపు వడ్రంగి పిట్ట. శాస్త్రీయంగా డైనోపియం బెంగాలెన్స్ అని పిలిచే ఈ పక్షి 26 నుంచి 29 సెంటీమీటర్ల పొడవుంటుంది; వీపు పసుపు కలిసిన బంగారు రంగు, నడ్డి నలుపు, నల్లటి గొంతు మీద తెల్ల చుక్కలు. దట్టమైన అడవి దీనికి అక్కరలేదు. కోనసీమ కొబ్బరి తోటల్లోనూ, పొలం గట్ల మీది తాడిచెట్ల మీదా, నగరాల్లో పాత చెట్లు ఇంకా మిగిలి ఉన్న ప్రాంగణాల్లోనూ ఇది హాయిగా బతుకుతుంది. పరిశీలకుడికి దీనివల్ల ఒక పెద్ద సౌలభ్యం ఉంది: ఆడ, మగ పక్షులను దూరం నుంచే విడదీయవచ్చు. మగ పక్షికి నుదుటి నుంచి తలకుచ్చు చివరిదాకా అంతా ఎరుపు. ఆడ పక్షికి వెనక కుచ్చు మాత్రమే ఎరుపు. నుదురు నల్లగా, తెల్లటి సన్న చుక్కలతో ఉంటుంది. గూటి దగ్గర ఎవరు ఎంతసేపు ఉన్నారన్న లెక్క అంతా ఈ నుదుటి రంగు మీదే ఆధారపడుతుంది కాబట్టి, మొదట దీన్ని కళ్ళకు బాగా అలవాటు చేసుకోవాలి.

మిగిలినవాటిలో పసుపుతల వడ్రంగి పిట్ట మైదానాల్లోని తుమ్మచెట్ల మీద, పల్చటి అడవుల్లో తిరుగుతుంది. గోరింక కన్నా చిన్నది, వీపు నిండా తెల్ల మచ్చలు, పొట్ట కింద ఎర్రటి మరక. బుల్లి వడ్రంగి పిట్ట 13 సెంటీమీటర్లే. పిచ్చుకంత ఉండే ఈ పక్షి సన్నటి కొమ్మల చివర్లలో తిరుగుతుంది కాబట్టి చాలామంది దాన్ని చూసి కూడా వడ్రంగి పిట్టగా గుర్తించరు. దక్కను పొడి అడవుల్లో తెల్లమెడ వడ్రంగి పిట్ట ఉంటుంది. దూరానికి బంగారువీపు పిట్టలాగే కనిపించినా, మెడ వెనక నుంచి వీపు పైభాగం దాకా దిగే తెల్లటి పట్టీ దాన్ని పట్టిస్తుంది. అందులో ఆడ పక్షి తల పసుపు రంగులో ఉంటుంది. తూర్పు కనుమల్లోని తడి అడవుల్లో ఉండే ఇటుకరంగు వడ్రంగి పిట్ట గూడు కథే వేరు. దాన్ని తరవాత చూద్దాం.

చప్పుడు మూడు రకాలు

మొదటిది మేత చప్పుడు. పక్షి మాను మీద పాకుతూ, అక్కడక్కడా ఆగి, రెండు మూడు దెబ్బలు వేసి, తల పక్కకు వంచి, మళ్ళీ కదులుతుంది. ఈ దెబ్బల మధ్య వ్యవధికి ఒక క్రమం ఉండదు, బలం కూడా మారుతూ ఉంటుంది. బంగారువీపు పిట్ట చాలాసార్లు అసలు చెక్కను పొడవనే పొడవదు: ఎండిన బెరడు పెచ్చులను ముక్కుతో పక్కకు లేపుతుంది, చెదలు కట్టిన మట్టి పూతను గీకి తెరుస్తుంది, పగుళ్ళలోకి నాలుకను పంపుతుంది. ఆ నాలుకకు ఆధారమైన సన్నటి ఎముకలు దవడ కింద నుంచి వెనక్కి వెళ్ళి, పుర్రె వెనక భాగాన్ని చుట్టి, నడినెత్తి మీదుగా ముందుకు వస్తాయి. అందుకే అది ముక్కును దాటి అంత దూరం చాచగలదు. నాలుక కొసన వెనక్కి తిరిగిన సన్న ముళ్ళు, మీద జిగురు లాంటి లాలాజలం ఉంటాయి. చీమలనూ పురుగుల పిల్లలనూ బయటికి లాగేది ఇదే.

రెండోది డప్పు చప్పుడు. ఇది మేతకు సంబంధించింది కాదు, గూటికి సంబంధించింది కూడా కాదు. ఇతర పక్షులు పాటతో చేసే పనిని, అంటే ఈ చోటు నాదని చాటడం, జోడీని పిలవడం అనే పనిని, వడ్రంగి పిట్టలు ఎండుకొమ్మ మీద ముక్కుతో చేస్తాయి. బాగా మోగే కొమ్మను ఎంచుకుని, ఒకేచోట నిలబడి, సెకనుకు పది దాటే వేగంతో గుక్క తిప్పుకోకుండా కొట్టి ఆపుతాయి. కాసేపాగి మళ్ళీ అదే కొమ్మ మీద అదే తీరున కొడతాయి. ఏ జాతి వరస దానిది. ఇటుకరంగు వడ్రంగి పిట్ట కొట్టే వరస మొదట వేగంగా ఉండి, ఆగిపోబోతున్న మోటారు సైకిలు ఇంజనులా తడబడుతూ సన్నగిల్లుతుంది. ఒకసారి విన్నవారు పక్షిని చూడకుండానే దాన్ని గుర్తుపడతారు. బంగారువీపు పిట్ట మాత్రం డప్పు కన్నా గొంతునే ఎక్కువ నమ్ముకుంది. ఎగురుతూనూ వాలుతూనూ అది వరసగా సాగదీసి అరిచే కీచు అరుపుతోనే తన ఉనికిని చాటుకుంటుంది.

మూడోది తొలిచే చప్పుడు. గూటి కోసం వెతికేవారికి కావలసింది ఇదే, కాని చెవికి అన్నిటికన్నా తక్కువ ఆనేది కూడా ఇదే. ఒకే చోటు నుంచి, నిదానంగా, దాదాపు సమానమైన వ్యవధితో, నిమిషాల తరబడి వినిపిస్తుంది. రంధ్రం లోతు పెరిగేకొద్దీ పక్షి తల, తరవాత ఒళ్ళు లోపలికి పోతాయి కాబట్టి చప్పుడు మందగించి, చెట్టు పొట్టలోంచి వస్తున్నట్టు మారుతుంది. మధ్యమధ్య అది తల బయటికి పెట్టి, ముక్కు నిండా చెక్క పొట్టును తెచ్చి గాలిలోకి విదిలిస్తుంది. ఈ దృశ్యం కనిపిస్తే ఇక చప్పుడు గురించి అనుమానం అక్కరలేదు.

ఇక్కడే కంసాలి పిట్ట విషయం కూడా చెప్పుకోవాలి. ఎండాకాలం మధ్యాహ్నాల్లో టుంక్ టుంక్ అని ఆగకుండా వినిపించేది చెక్క మీది దెబ్బ కాదు, ఆ ఆకుపచ్చటి చిన్న పక్షి గొంతు. అయితే అది కూడా మెత్తబడిన ఎండుకొమ్మలో తన గూటిని తానే తొలుచుకుంటుంది. దాని రంధ్రం తరచు సన్నటి అడ్డకొమ్మ కింది వైపున ఉంటుంది. అందువల్ల కొత్తగా తొలిచిన గుండ్రటి రంధ్రం చూసి వెంటనే వడ్రంగి పిట్ట ఖాతాలో రాయకూడదు.

దెబ్బల గురించి ఇంకొక మాట. వడ్రంగి పిట్ట పుర్రెలో స్పాంజి లాంటి ఎముక ఉండి, దెబ్బ అదురు మెదడుకు తగలకుండా అడ్డుకుంటుందని దశాబ్దాలుగా చెబుతూ వచ్చారు. శిరస్త్రాణాల ప్రకటనల్లో కూడా ఈ మాట వాడుకున్నారు. బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ విశ్వవిద్యాలయానికి చెందిన సామ్ వాన్ వాసెన్‌బెర్గ్, ఆయన సహచరులు మూడు జాతుల పక్షులను అతివేగ వీడియోలో చిత్రించి, 2022లో ప్రచురించిన పరిశోధనలో దీన్ని కొట్టిపారేశారు. ముక్కు ఆగిన క్షణంలోనే పుర్రె కూడా అంతే గట్టిగా ఆగుతున్నదనీ, మధ్యలో అదురును మింగే భాగం ఏదీ లేదనీ వారు కొలిచి చూపారు. ఆలోచిస్తే ఇది సహజమే: అదురును పుర్రె మింగేస్తే చెక్కకు తగిలే దెబ్బ కూడా ఆ మేరకు తగ్గుతుంది, పక్షి మరింత గట్టిగా కొట్టవలసి వస్తుంది. మెదడు చాలా చిన్నది కావడమే దాన్ని కాపాడుతున్నదన్నది వారి వివరణ.

ఏ చెట్టు, ఎందుకు

ఎంత గట్టి ముక్కున్నా పచ్చి చేవ చెక్కను తొలవడం పక్షికి లాభసాటి కాదు. పైకి గట్టిగా, లోపల మెత్తగా ఉండే చెట్టు దానికి కావాలి. పై పొర గట్టిగా ఉంటే పాములూ ఇతర శత్రువులూ రంధ్రాన్ని విప్పలేవు. లోపల మెత్తగా ఉంటే గది తవ్వడం తేలిక. మామూలు చెట్లలో ఈ పరిస్థితిని కల్పించేది శిలీంధ్రం. విరిగిన కొమ్మ మొదలు దగ్గర లోనికి చేరిన శిలీంధ్రం ఏళ్ళ తరబడి నడిమి చెక్కను కుళ్ళబెడుతుంది, బయట చెట్టు పచ్చగానే ఉంటుంది. మాను మీద అరల్లా పొడుచుకు వచ్చిన పుట్టగొడుగులు కనిపిస్తే లోపల ఆ పని జరుగుతున్నదని అర్థం. అటువంటి చెట్టును గుర్తు పెట్టుకోవడం మంచిది. గూళ్ళు తరచు ఆ చుట్టుపక్కలే దొరుకుతాయి.

ఈ బంధం ఒకవైపుదే కాకపోవచ్చు. అమెరికా ఆగ్నేయ ప్రాంతంలో రెడ్-కాకేడెడ్ అనే వడ్రంగి పిట్ట బతికి ఉన్న పైన్ చెట్లలో గూడు తొలుస్తుంది. ఒక్కొక్క గూటికి ఏళ్ళు పడుతుంది. పరిశోధకులు చెట్లకు తామే రంధ్రాలు వేసి, కొన్నిటికి పక్షి చేరకుండా జాలీ బిగించి, మిగిలినవాటిని తెరిచి ఉంచారు. పక్షి తాకిన రంధ్రాల్లో పెరిగిన శిలీంధ్రాలు సహజమైన గూళ్ళలోని శిలీంధ్రాలను పోలి ఉన్నాయని 2016లో ప్రకటించారు. అంటే పక్షి తనకు కావలసిన కుళ్ళును తానే చెట్టు నుంచి చెట్టుకు మోస్తున్నదన్నమాట. మన జాతులకు ఈ ఫలితాన్ని నేరుగా అంటగట్టలేము, కాని పక్షి ఒక చెట్టును కొద్దిగా తొలిచి వదిలేసి, మరుసటి ఏడాది తిరిగి అక్కడికే రావడం చూసినప్పుడు ఈ ప్రయోగాన్ని గుర్తు చేసుకోక తప్పదు.

కోస్తాలో కథ ఇంకా తేలిక. తాడి, కొబ్బరి చెట్లలో గట్టిదనం అంచున ఉంటుంది, నడిమి భాగం మెత్తటి పీచు. ముదిరిన తాడి అంచు చెక్కతో ఇళ్ళకు దూలాలు వేసుకున్నవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. శిలీంధ్రం వచ్చి ఏళ్ళపాటు పని చేయవలసిన అవసరం లేకుండానే, పిడుగు పడో, కొమ్ము పురుగో ఎర్రముక్కు పురుగో తొలిచో మొవ్వు పోయిన మాను తొందరలోనే బంగారువీపు పిట్టకు అనువైన ఇల్లవుతుంది. పక్షి ముందు గట్టి అంచులోంచి అడ్డంగా సొరంగం తొలిచి, మెత్తటి భాగం తగలగానే కిందికి మలుపు తిప్పి గదిని లోతు చేస్తుంది. వడ్రంగి పిట్ట వల్లే కొబ్బరిచెట్టు చచ్చిందనే ఫిర్యాదులో చాలామటుకు కార్యకారణాలు తలకిందులయ్యాయని నా అభిప్రాయం. పురుగు పట్టిన మాను మీదికే పక్షి వస్తుంది.

ఏ రంధ్రం ఏమిటి

మేత కోసం పొడిచిన గుంటలు లోతు లేకుండా, పగుళ్ళ వెంబడి కోలగా, అంచులు చీలి ఉంటాయి. గూటి ద్వారం గుండ్రంగా లేదా కొద్దిగా నిలువు కోలగా, అంచు చెక్కినట్టు నున్నగా, పక్షి ఒళ్ళు ఇరుకుగా దూరేంత మాత్రమే ఉంటుంది. బుల్లి వడ్రంగి పిట్టదైతే సుమారు 3, 4 సెంటీమీటర్లే. వాలిన మాను అయితే ద్వారం తరచు కింది వైపు ఉంటుంది, వాన నీరు లోపలికి జారదు. కొత్తగా తొలిచిన చెక్క లేత రంగులో మెరుస్తుంది, పాతబడ్డ అంచు బూడిద రంగుకు తిరుగుతుంది. చెట్టు మొదట్లో పడిన చెక్క పేళ్ళు అన్నిటికన్నా మంచి ఆనవాలు. కాని గాలి, వాన, ఊడ్చే చీపురు వాటిని రెండు రోజుల్లో మాయం చేస్తాయి కాబట్టి, పేళ్ళు లేవు కాబట్టి గూడు పాతదేనని తీర్మానించడం పొరపాటు.

కొత్త రంధ్రం కూడా గూడు కాకపోవచ్చు. వడ్రంగి పిట్టలు ఏడాది పొడవునా తొర్రల్లోనే నిద్రపోతాయి; పెద్ద పక్షులు సాధారణంగా వేటికవే విడిగా పడుకుంటాయి. కాబట్టి ఒక జోడీకి పడక తొర్రలు వేరు, గూడు వేరు. సగం తొలిచి గట్టి కణుపు తగిలి వదిలేసినవి కూడా అదే మాను మీద ఉంటాయి. పొద్దు గుంకే వేళ ఒకే పక్షి వచ్చి, లోపలికి దూరి, మళ్ళీ రాకపోతే అది పడక తొర్ర అని అనుమానించాలి. పగలంతా దానివైపు ఏ పక్షీ చూడకపోతే ఆ అనుమానం బలపడుతుంది.

ద్వారం దగ్గర కనిపించే పదార్థం కూడా యజమానిని పట్టిస్తుంది. వడ్రంగి పిట్ట గూట్లో గడ్డీ ఈకలూ పరచదు. గుడ్లు అడుగున మిగిలిన చెక్క పొట్టు మీదే ఉంటాయి. అందువల్ల రంధ్రంలోంచి గడ్డిపోచలో, కాగితాలో, ప్లాస్టిక్ ముక్కలో వేలాడుతుంటే అది గోరింకల కాపురం. అంచు కొరికినట్టు, వెడల్పు చేసినట్టు ఉంటే రామచిలుక వచ్చి చేరింది. ద్వారం చుట్టూ మట్టి మెత్తి ఇరుకు చేసి ఉంటే నట్‌హ్యాచ్ అనే నీలిరంగు చిన్న పక్షి పని. తోక ఆసరా లేకుండా తలకిందులుగా మాను దిగడం చూస్తే దాన్ని వడ్రంగి పిట్టగా పొరబడే అవకాశం లేదు. వడ్రంగి పిట్ట ఎప్పుడూ గట్టి తోక ఈకలను మానుకు ఆనించి నిటారుగా నిలబడుతుంది. ఆ తోక దానికి ఎంత ముఖ్యమంటే, చాలా పక్షుల్లో మొదట రాలే నడిమి జత ఈకలు వడ్రంగి పిట్టల్లో మిగిలినవన్నీ కొత్తగా మొలిచాక, చివరగా రాలుతాయి.

లోపల ఏం జరుగుతున్నదో బయటి నుంచి చదవడం

ఫిబ్రవరి నుంచి జూలై దాకా మన ప్రాంతాల్లో ఎక్కువ జాతులకు గూళ్ళ కాలం. బంగారువీపు పిట్ట సాధారణంగా మూడు తెల్లటి గుడ్లు పెడుతుంది; పొదుగు దాదాపు 11 రోజులు, పిల్లలు గూడు విడవడానికి ఆ తరవాత దాదాపు 20 రోజులు. ఈ అంకెలు తెలిసి ఉంటే, మెట్లెక్కి లోపలికి తొంగి చూడవలసిన పని లేకుండా, రాకపోకల తీరును బట్టి దశను ఊహించవచ్చు. దీనికి కావలసినవి ఒక బైనాక్యులర్, ఒక గడియారం, ఒక పుస్తకం. ప్రతి రాకకూ పోకకూ వేళ, పక్షి ఆడో మగో, ముక్కులో ఏమైనా ఉన్నదా, లోపలికి పూర్తిగా దూరిందా, బయట నుంచే తల పెట్టిందా, లోపలి నుంచి ఏదైనా చప్పుడు వచ్చిందా అన్నవి రాస్తే చాలు. వ్యాఖ్యానం తరవాత చేసుకోవచ్చు.

తొలిచే దశలో రెండు పక్షులూ వంతులేసుకుని పని చేస్తాయి. తరవాత గుడ్లు పెట్టే రోజుల్లో గూటి దగ్గర ఒక విచిత్రమైన నిశ్శబ్దం ఉంటుంది: పని ఆగింది, పొట్టు రాలడం లేదు, పక్షులు అప్పుడప్పుడు మాత్రమే వచ్చిపోతుంటాయి. గూడు వదిలేశాయని చాలామంది తీర్మానించేది సరిగ్గా ఇప్పుడే. పొదుగు మొదలయ్యాక ఒక పక్షి లోపలికి వెళ్ళి గంట దాటినా బయటికి రాకపోవచ్చు. జోడీ పక్షి వచ్చి మానుకు ఆని నిలబడగానే లోపలిది జారుకుంటుంది, వచ్చింది దూరుతుంది. ఈ మార్పిడి కొన్ని క్షణాల్లో, ఎక్కువ సద్దు లేకుండా ముగుస్తుంది. బైనాక్యులర్ దించి నీళ్ళు తాగే లోపే జరిగిపోయే ఈ మార్పిడిని చూడకపోతే, ఆ ఉదయమంతా ఖాళీ తొర్రను చూసినట్టే రాసుకుంటాము. అందుకే పదిహేను నిమిషాలు చూసి గూడు ఖాళీ అని రాయడం నాకు సమ్మతం కాదు. కనీసం రెండు గంటలు కూర్చోలేని రోజున ఏ తీర్మానమూ రాయకుండా ఉండడమే నయం. రాత్రిపూట పొదిగేది వడ్రంగి పిట్ట జాతుల్లో సాధారణంగా మగ పక్షి. సాయంత్రం చివరి మార్పిడిలో లోపలికి వెళ్ళిన నుదుటి రంగును చూస్తే దీన్ని ఎవరికి వారు సరిచూసుకోవచ్చు.

గుడ్లు పిగిలిన రోజును పక్షులే తెలియజేస్తాయి. లోపల కూర్చునే వ్యవధి తగ్గుతుంది, రాకపోకలు పెరుగుతాయి. పసుపుతల పిట్ట వంటి జాతులు ముక్కులో పురుగులను పట్టి తెస్తాయి కాబట్టి మేత కంటికి కనిపిస్తుంది. చీమల మీద ఎక్కువగా బతికే జాతుల్లో మేతను మింగి తెచ్చి పిల్లల నోట్లో కక్కే అలవాటు ఉంది. ఖాళీ ముక్కుతో వచ్చింది కాబట్టి మేత తేలేదని అక్కడ అనలేము. మొదటి రోజుల పిల్లలు ఈకలు లేకుండా, కళ్ళు తెరవకుండా ఉంటాయి. మడమల మీద మందపాటి చర్మపు దిండ్లతో గరుకు చెక్క మీద కదులుతాయి. ఈ దశలో తల్లిదండ్రులు పూర్తిగా లోపలికి దూరి మేపుతాయి, బయటికి వచ్చేటప్పుడు తెల్లటి రెట్ట సంచిని ముక్కున పట్టుకుపోతాయి. లోపలి నుంచి సన్నటి, ఆగని ఝుమ్మనే మోత వినిపిస్తే పిల్లలు పెరుగుతున్నాయన్నమాట. చివరి వారంలో పెద్ద పక్షులు లోపలికి వెళ్ళవు. ద్వారం దగ్గరే మానుకు కరుచుకుని, ఎదురొచ్చిన పిల్ల నోట్లో మేత పెట్టి వెళ్ళిపోతాయి. ద్వారంలో తల కనిపించిన పిల్ల రంగులను చూసి ఆడో మగో అప్పుడే రాయకండి. పిల్లల ఈకల రంగు మందంగా ఉంటుంది, చాలా పిల్లలు ఆడ పక్షినే పోలి ఉంటాయి.

ఇటుకరంగు వడ్రంగి పిట్ట దగ్గర ఈ సూత్రాలు చాలావరకు పనికిరావు. అది చెక్కను వదిలి, క్రెమటోగాస్టర్ జాతి చీమలు చెట్టు కొమ్మ మీద నమిలిన పీచుతో కట్టుకున్న గోధుమరంగు పుట్టలో గూడు తొలుస్తుంది. అదీ చీమలు లోపల ఉండగానే. ఆ చీమలు రెచ్చగొడితే పొట్ట కొసను వీపు మీదికి ఎత్తి కరిచే రకం. పక్షి వాటినే తింటుంది, వాటి మధ్యనే పిల్లలను పెంచుతుంది. తెల్లటి పేళ్ళ కోసం, నున్నటి చెక్క అంచు కోసం వెతికేవారికి ఈ గూడు ఎప్పటికీ దొరకదు. పక్షి రొమ్ము, తోక ఈకలు జిగురంటి, వాటికి చీమల తలలు అతుక్కుని కనిపించడం కూడా దీనిలో మామూలే.

దగ్గరితనానికి హద్దు

తొర్రలో ఉన్న పక్షికి బయటపడే దారి ఒక్కటే. మనం ఆ దారి ఎదురుగా నిలబడితే దానికి తప్పించుకునే వీలుండదు. కాబట్టి ద్వారానికి సూటిగా కాకుండా పక్కగా, కనీసం ఇరవై ముప్పై మీటర్ల దూరంలో, చెట్టు నీడలో కూర్చోవాలి. పక్షి మేతతో వచ్చి పక్క చెట్టు మీదే ఆగిపోయినా, మాను వెనక వైపుకు తిరిగి తిరిగి దాక్కుంటున్నా, పదేపదే అరుస్తున్నా దూరం చాలడం లేదని అర్థం. పక్షి ఉన్నదా లేదా అని చూడటానికి మాను మీద కర్రతో తట్టడం, ఫోనులో రికార్డు చేసిన అరుపు వినిపించడం, టార్చి వేయడం గుడ్ల కాలంలో చేయకూడని పనులు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షుల గుడ్లనూ గూళ్ళనూ కదిలించడాన్ని, పాడు చేయడాన్ని వేట నిర్వచనంలోనే చేర్చింది. గూడున్న చెట్టు ఫొటోను కచ్చితమైన చోటుతో సహా అందరికీ పంచడం చట్టం మాట ఎలా ఉన్నా మంచి పద్ధతి కాదు. మరునాడు అక్కడ పది కెమెరాలు ఉంటాయి.

పిల్లలు ఎగిరిపోయాక పరిశీలన ముగిసిందనుకోనక్కరలేదు. అవి కొన్నాళ్ళు తల్లిదండ్రుల వెంటే తిరుగుతూ మేత అడుగుతాయి. తొర్ర సంగతి ఇంకా ఆసక్తికరం. తానుగా చెక్కను తొలవలేని పక్షులు మన ఊళ్ళలో చాలా ఉన్నాయి: గోరింక, రామచిలుక, పాలపిట్ట, కూకుడు గువ్వ, చిన్న గుడ్లగూబలు. వీటిలో పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి, రామచిలుకను ఆంధ్రప్రదేశ్ 2018లో తన రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. రెండూ తొర్రల కోసం పాత చెట్ల మీదా, తరచు వడ్రంగి పిట్టల పాత గూళ్ళ మీదా ఆధారపడేవే. చిలుకలైతే పాతబడేదాకా కూడా ఆగవు, కొత్త గూటి నుంచే యజమానిని తరిమేయడానికి చూస్తాయి. ఒకే తొర్రను మూడు నాలుగేళ్ళు వరుసగా గమనించి ఏ ఏడు ఎవరున్నారో రాసుకుంటే, ఒక ఋతువులో ఒక గూటిని చూసినదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

మోడును నరకవలసి వస్తే ఈ రాతలే పనికొస్తాయి. ఫిబ్రవరి నుంచి జూలై దాకా ఆ పనిని వాయిదా వేయడం మొదటి మార్గం. వాయిదా కుదరకపోతే ఒక ఉదయం రెండు గంటలు, ఒక సాయంత్రం చీకటి పడేదాకా ద్వారాన్ని కనిపెట్టి, రెండుసార్లూ ఏ పక్షీ రాలేదని తేలాకే గొడ్డలి వేయాలి. ఇంటి మీదో దారి మీదో పడుతుందన్న భయమే కారణమైతే, మొత్తం తీసేయకుండా పై భాగాన్ని కోసి, ప్రమాదం లేని ఎత్తు మేరకు మొండెం నిలబెట్టవచ్చు.